మంచం, బల్ల, పీట, దీపం

సెలవులకు ఎక్కడికెళ్లాలో మనం ఇట్టే తేల్చుకుంటాం. ఎక్కడ దిగాలన్నది మాత్రం పక్కింటివాళ్లు దిగిన హోటల్‌ను చూసి తేల్చుకుంటాం. షూనేములోని ఘనురాలైన స్త్రీ అలా ఆలోచించలేదు. తరచూ ఆ దారిన వెళ్లే ఎలీషా కోసం ఆమె భర్తతో చెప్పి గోడమీద చిన్న గది కట్టించింది. అందులో మంచం, బల్ల, పీట, దీపస్తంభం ఉంచింది (2 రాజులు 4:8-10). అలసిన ప్రవక్తకు ఏది అవసరమో అదే ఇచ్చింది. యేసుప్రభువు సైతం తన చివరి వారంలో, పస్కా జనంతో కిటకిటలాడే యెరూషలేము విడిచి, కోసెడు దూరంలోని బేతనియలో బస చేశాడు (మత్తయి 21:17). ఆయనను ప్రేమించేవారు అక్కడున్నారు.

మన బసకూ అవసరమే కొలత కావాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వెంట వస్తే కొండమీది కాటేజీ కన్నా ఊళ్లో కింది అంతస్తు గది మేలు. పసిపిల్లలుంటే వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ మేలు. దంపతులిద్దరే అయితే హోమ్‌స్టే చాలు. స్టార్ హోటల్ పాపం కాదు. కానీ రెండు రాత్రుల గొప్ప కోసం ఏడాదంతా వాయిదాలు కట్టడం విశ్రాంతి కాదు. తలో గదిలో తలో టీవీ ముందు చెదిరిపోవడమూ విశ్రాంతి కాదు. రాత్రికి అందరం కలిసి మోకరించే చోటుందా? బుక్ చేసేముందు ఈ ప్రశ్న కూడా వేసుకుందాం. అలసిన శిష్యులను ఏకాంతానికి పిలిచిన ప్రభువుకు (మార్కు 6:31) చోటున్న గదే మనకు తగిన బస.