నాగరకతకు గీటురాయి

నాగరకత యనగా నేమి? ఉన్నతసౌధములు, విశాలమైన రాజవీథులు, సముద్రములను దాటు నౌకలు, ముద్రితగ్రంథములు - ఇవన్నియు దాని బాహ్యలక్షణములు. వీనిని నడపు ధర్మసూత్రమొకటి లోపల నుండవలెను. ప్రతి నాగరకతయు నట్టి సూత్రమును తన ధ్వజముపై వ్రాసికొనును. పొరుగువానిని తనవలె ప్రేమింపవలెననునది క్రైస్తవ ఐరోపా వ్రాసికొన్న సూత్రము. తనకు అప్రియమైన దానిని పరులకు చేయరాదని మన భారతమును బోధించినది. సూత్రములకు లోకమున నెన్నడును కొదువ లేదు. అయితే ఆ సూత్రము తన్ను వ్రాసికొన్నవారినే ప్రశ్నింప మొదలిడినపుడు వారేమి చేయుదురు? నాగరకతకు గీటురాయి యిదియే. పదునారవ శతాబ్దమున స్పెయిను దేశమునకు అట్టి పరీక్ష సంప్రాప్తమైనది.

1492లో కొలంబసు పడమటి దీవులను చేరిన పిమ్మట స్పానిషువారు హిస్పానియోలా దీవిలో వలసలు స్థాపించి, అచటి తైనో జాతివారిని వలసదారులకు పంచిపెట్టిరి. ఈ పద్ధతికి ఎన్‌కొమియెండా యని పేరు. కాగితముపై దీని యర్థము సంరక్షణము. యజమాని స్థానికులను కాపాడి, వారికి క్రైస్తవమతమును బోధింపవలెను; బదులుగా వారతనికి పనిచేయవలెను. ఆచరణమున మిగిలినది పని మాత్రమే. బంగారు గనులలో చాకిరి, ఆకలి, ఐరోపా నుండి వచ్చిన వ్యాధులు - ఈ మూడును కలిసి కొలది దశాబ్దములలో ఆ జాతిని దాదాపు నిశ్శేషము చేసినవి.

1511 డిసెంబరులో, క్రిస్మసు పండుగకు ముందటి ఆదివారమున, సాంటో డొమింగోలోని దేవాలయమున ఆంటోనియో ద మాంటెసినోస్ అను డొమినికన్ సన్న్యాసి ప్రసంగవేదిక నెక్కెను. కొలంబసు కుమారుడును, దీవికి పాలకుడును అయిన డియేగో మొదలుగా పెద్దలెందరో ఎదుట నుండిరి. ఈ జనులు మనుష్యులు కారా, వీరికి వివేకముగల ఆత్మ లేదా, వీరిని ప్రేమింపవలసిన బాధ్యత మీకు లేదా యని ఆయన వారిని సూటిగా నడిగెను. పెద్దలు మండిపడిరి, అన్నమాట వెనుకకు తీసికొనవలెనని పట్టుపట్టిరి. మరుసటి ఆదివారమున ఆయన మరల వేదిక నెక్కి, ఆ మాటలనే మరింత గట్టిగా చెప్పెను.

ఆనాటి వలసదారులలో బార్తొలోమే ద లాస్ కాసాస్ ఒకరు. 1502లో దీవికి వచ్చిన ఆయన పురోహితుడే యైనను భూములును, పనివారును గలవాడు. మాంటెసినోస్ వేసిన ప్రశ్న ఆయనను వెంటనే మార్చలేదు. తరువాత క్యూబా ఆక్రమణమున సైన్యము వెంట నడచి, అచటను ఎన్‌కొమియెండా పొందెను. 1514లో ఒక ప్రసంగమునకు సిద్ధపడుచు బైబిలు చదువుచుండగా, పేదల నోటికూడు లాగికొని దేవునికర్పించు కానుక అపవిత్రమను భావముగల వాక్యము కంటబడెను. ఆ వాక్యమును ఆయన శ్రోతలకంటె ముందు తనకు అన్వయించుకొనెను. తన వశమందున్న స్థానికులను విడిచిపెట్టు నిశ్చయమును పాలకునకు తెలిపి, పిదపనే వేదిక నెక్కి ఇతరులను నిలదీసెను.

అదే మతమును మరియొక విధముగ వాడినవారును గలరు. యుద్ధమునకు ముందు స్థానికులకు చదివి వినిపించుటకై 1513లో ఒక ప్రకటనపత్రము సిద్ధమైనది. పోపు అధికారమునకును, స్పెయిను రాజునకును లొంగవలెననియు, లొంగనిచో కలుగు చావులకును, నష్టములకును దోషము స్థానికులదే యనియు దాని సారాంశము. వినువారికి స్పానిషు భాష రాదు. ఒక్కొక్కప్పుడు వినుటకు ఊరిలో మనుష్యులే యుండెడివారు కారు. ధర్మసూత్రమును పరులపైకి మాత్రమే గురిపెట్టిన యెడల అది ఆయుధమగునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

లాస్ కాసాస్ శేషజీవితమును ఈ పోరాటమునకే ధారపోసెను. స్థానికులు నిజముగా మనుష్యులే యనియు, క్రైస్తవులు కాకున్నను వారి స్వాతంత్ర్యమును, ఆస్తిని హరింపరాదనియు మూడవ పాల్ పోపు 1537లో ప్రకటించెను. 1542లో ఐదవ చార్లెస్ చక్రవర్తి నూతన శాసనములు చేసి, స్థానికులను బానిసలుగా చేయుటను నిషేధించెను. వలసదారులు ఊరకుండలేదు. 1545లోనే చక్రవర్తి ఎన్‌కొమియెండాల వారసత్వమును రద్దుచేసిన నిబంధనను ఉపసంహరించుకొనవలసి వచ్చెను. పెరూలో తిరుగుబాటుదారులు 1546లో రాజప్రతినిధినే చంపిరి.

1550లో చక్రవర్తి క్రొత్త దండయాత్రలను నిలిపివేయ నాజ్ఞాపించి, వలాడోలిద్ నగరమున పండితసభ నేర్పరచెను. స్థానికులపై యుద్ధము న్యాయమా, కాదా? సెపుల్వేదా అను విద్వాంసుడు న్యాయమే యనెను. కొందరు స్వభావముచేతనే దాస్యమునకు తగినవారను అరిస్టాటిలు సిద్ధాంతమును, అచటి నరబలులను అతడు ఆధారముగ జూపెను. లాస్ కాసాస్ ఐదు దినములు తన వాదమును చదివి వినిపించెను. నరబలులను మాన్పుటకు చేయు యుద్ధమున అంతకు మించి నిర్దోషులు చత్తురనియు, మానవజాతి యంతయు నొక్కటే యనియు ఆయన వాదము. సభ 1551లో ముగిసినది. తీర్పు మాత్రము వెలువడలేదు.

లాస్ కాసాస్ దోషరహితుడు కాడు. స్థానికుల భారమును తగ్గించు ఆతురతలో ఆఫ్రికా బానిసలను తెప్పింపవచ్చునని 1516లో సలహా నిచ్చెను. వారిని చెరపట్టుటయు అంతే అన్యాయమని తరువాత గ్రహించి, పశ్చాత్తాపముతో ఆ తప్పును తన చరిత్రగ్రంథమున తానే లిఖించెను. ఆయన 1566లో మరణించెను. ఆ గ్రంథము 1875లో గాని అచ్చుకాలేదు.

ఈ వృత్తాంతము వలన క్రైస్తవ నాగరకత గెలిచినదని చెప్ప వీలులేదు. గనులలో చచ్చినవారిని ఏ ప్రసంగమును బ్రతికింపలేదు. బానిసవ్యాపారము పిమ్మట మూడు శతాబ్దములు సాగినది. అయినను దోపిడికి అనుమతినిచ్చిన నాగరకతలోనే దోపిడిని దోపిడి యని పిలుచు కంఠము పుట్టినది. ఆ కంఠమునకు బలమిచ్చినది దోపిడిదారులు ప్రతి ఆదివారము వినుచుండిన వాక్యమే.

1492 అను సంవత్సరమును విద్యార్థులు కంఠస్థము చేయుదురు. దాని ప్రక్కన 1511ను గూడ వ్రాయించు ఉపాధ్యాయుడు వారికి చరిత్రతోపాటు వివేకమును బోధించినవాడగును. నౌక యెంత దూరము పోయినదో మొదటి సంవత్సరము చెప్పును. ఆ నౌకలో నేమి తెచ్చితిరని తనవారినే యడిగిన మనుష్యుని గూర్చి రెండవది చెప్పును. ఆ ప్రశ్నను వినగల చెవి యున్నంతవరకే ఏ నాగరకతకైనను ఆ పేరు తగును.