చిన్న కంపెనీలో ఉద్యోగం – మా అనుభవం

తమ్ముళ్ళూ! మన బందరులో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ మొదలైంది. సైన్సు పరికరాలు తయారుచేసేది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఇప్పుడా యూనిట్లో సైన్యం రాత్రిపూట చూడటానికి వాడే పరికరాలు తయారవుతున్నాయి. కాబట్టి చిన్న కంపెనీ అంటే చిన్నచూపు వద్దు.

ఈ హాస్టల్లో చదువుకున్న మేము ముగ్గురం – ఒకరిది గుడివాడ, ఇద్దరిది దివిసీమ – హైదరాబాదులో పాతికమంది ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాం. అక్కడ 'ఇది నా పని కాదు' అనే మాటే లేదు. పొద్దున ప్రోగ్రాం రాసేవాళ్ళం, మధ్యాహ్నం కస్టమర్ల ఫోన్లకు జవాబు చెప్పేవాళ్ళం, సాయంత్రం బిల్లులు తయారుచేసేవాళ్ళం. పని బాగా వచ్చింది, భయం పోయింది.

కానీ కస్టమరు డబ్బు కట్టకపోతే మా జీతం ఆగేది. ఒకసారి రెండు నెలలు ఆగింది. ఇంటికి పైసా పంపలేకపోయాం. చేరిననాడే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేశాం గనుక మానేయడానికీ లేకపోయింది.

అందుకే చేరేముందు మూడు సంగతులు చూసుకోండి. జీతమెంతో, ఏ తేదీన ఇస్తారో అపాయింట్‌మెంట్ ఆర్డరులో రాయించుకోండి. 20 మంది, ఆపైన పనిచేసేచోట పి.ఎఫ్. చట్టం వర్తిస్తుంది, మీ పేరున ఖాతా తెరిచారా అని అడగండి. ఒరిజినల్స్ చూపించి, జిరాక్సులే ఇవ్వండి.

అడగడం తప్పు కాదు. మెస్సు లెక్కలు అడిగి తెలుసుకున్న మనకు ఇదేమీ కొత్త కాదు కదా!