పితూరీ: ఒక శబ్దము, ఒక సీమ

తెలుగునాట పిల్లలు తగవులాడి ఒకరిమీద నొకరు పెద్దలకు చెప్పుకొనుటను 'పితూరీలు చెప్పుట' యందురు. ఈ వాడుకయందు పితూరీ యనగా ఫిర్యాదు. కొంత చులకనగా పలికినచో చాడీ. గోదావరి, విశాఖపట్టణ మండలముల కొండసీమలను గూర్చిన ప్రభుత్వపత్రములందు ఈ శబ్దమే తిరుగుబాటు అను అర్థమున కానవచ్చును. 1879 నాటి రంప పితూరీ యనియు, 1922–24 నాటి మన్యపు పితూరీ యనియు చరిత్రకారులు నేటికిని వ్రాయుచున్నారు. ఒకే శబ్దము మైదానమున మొఱగను, కొండలపై తిరుగుబాటుగను నిలుచుట వింతగా తోచును. సాయుధబలగముల నీడలో గిరిజనులు గడపిన కాలమును మనము ఎవరి మాటలతో చెప్పుచున్నామో ఈ శబ్దము ననుసరించి విచారించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

శబ్దమూలము అరబ్బీ. ఆ భాషలో 'ఫుతూరు' అనగా సడలుట, మందగించుట. ఫారసీ, హిందుస్తానీల మీదుగా వచ్చుచు అది చెడుపు, కల్లోలము అను అర్థములను సంతరించుకొన్నది. తెలుగున ఫకారము పకారమగుట సహజమే. కచేరీలనుండి ఇట్టి మాటలు మనకు వందలకొలది వచ్చినవి. జప్తు, కైదు, రసీదు మొదలగునవి తమ యర్థమును పెద్దగా మార్చుకొనలేదు. పితూరీ మాత్రము రెండుగా చీలినది. కచేరీవాని చెవికి మొఱయు కల్లోలమును ఒకే ధ్వనిగ వినబడెననుటకు ఈ చీలికయే సాక్ష్యమని కొందఱనవచ్చును. శబ్దశాస్త్రము అంతదూరము పోనీయదు. చరిత్ర మాత్రము పోనిచ్చును.

మఱి రెండు మాటలను గూడ ఇచట చెప్పవలెను. మన్యసీమను జనులు 'ఏజెన్సీ' యందురు. 1839 నాటి 24వ చట్టము గంజాము, విశాఖపట్టణ మండలముల కొండభాగములను సామాన్యన్యాయస్థానముల యధికారమునుండి తప్పించి, గవర్నరుగారి ఏజెంటు క్రింద నుంచినది. కలెక్టరే ఆ యేజెంటు. పదవి పేరు సీమకు పేరైనది. మైదానపు న్యాయము అచట చెల్లదనుటయే ఆ పేరున గర్భితమైయున్న యర్థము. ఇక 'ముఠా' యనగా మన్యమున కొన్ని గ్రామముల కూడిక. దాని యధిపతి ముఠాదారు. కట్టుబడి చెల్లించుట, శాంతిని కాపాడుట, నేరగాండ్రను పట్టియిచ్చుట అతని విధులు. నేటి పత్రికలలో ముఠా యనగా దొంగల గుంపు. ఈ యర్థపరిణామము మన్యముననే జరిగినదని నేననను. అయినను కొండగ్రామముల పాలనకు పేరైన మాట మైదానమున నేరమునకు పేరగుట గమనింపదగినది.

1879 నాటి సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది. కొండవారికి కల్లు విలాసము కాదు. ధాన్యము తీఱిన వేసవినెలలలో జీలుగకల్లు, తాటికల్లు వారికి ఆహారము. ప్రభుత్వము ఆబ్కారీగుత్తలను ప్రవేశపెట్టగా, తమ యింటికొఱకు తాము చెట్టు గీచుకొను హక్కు వారికి పోయినది. రంప మన్‌సబుదారు అంతకుముందే చిగురుపన్ను గైకొనుచుండెను. దానిపై మొదలుపన్ను అను మఱియొక దానిని చేర్చెను. ఈలోగా మైదానపు వర్తకులు కొండవారికి అప్పులిచ్చి, వారు పోలేని దూరపు కోర్టులలో దావాలు వేసి, ఏకపక్షపు డిక్రీలు పొంది, పశువులను జప్తు చేయించుకొనిరి. అయిదు రూపాయల బాకీక్రింద నూఱు రూపాయల విలువగల పశువులను, పంటను తోలుకొనిపోయిన వైనము 1907 నాటి గోదావరి మండల గెజెటీరున కలదు. మైదానపు కోర్టు డిక్రీ కొండలలోనికి నిరాటంకముగ నడచివచ్చినదన్నమాట! పోలీసులు తమవంతు వసూళ్ళు తాము చేసికొనిరి. కొండవాడు ప్రభుత్వమును ఎఱిగినది ఠాణా జవాను రూపముననే.

కావున 1879 మార్చిలో కొండవారు మొదట పోలీసులమీద పడుట ఆశ్చర్యము కాదు. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర మున్నగువారు నాయకులైరి. అలజడి రంపనుండి గూడెము, భద్రాచలము దిక్కులకు ప్రాకినది. పొరుగుమండలముల పోలీసులు చాలకపోగా, మద్రాసు పదాతిదళములు ఆఱు, ఒక యశ్వికదళము, సాపర్ల పటాలములు రెండు, హైదరాబాదు కంటింజెంటునుండి ఒక భాగము కొండలలోనికి పంపబడెను. చలిజ్వరము ఆ సేనలను బాణములకంటె ఎక్కువగా బాధించినది. 1880లో నాయకులు హతులైన పిమ్మట అలజడి అణగినది.

రెవెన్యూబోర్డు సభ్యుడైన సల్లివాన్ విచారణచేసి ఏమి కనుగొనెను? కల్లుగుత్తలు, మన్‌సబుదారు పన్నులు, వర్తకుల డిక్రీలు, పోలీసుల బలవంతములు. అనగా కొండవారు చెప్పుకొనుచు వచ్చినవే! మన్‌సబుదారు తొలగింపబడెను, ముఠాదారులకు ప్రభుత్వమే నేరుగ సన్నదులిచ్చినది. తిరుగుబాటను పితూరీకి వెనుక ఫిర్యాదను పితూరీ యున్నదనియు, అది నిజమైనదనియు ప్రభుత్వము ఒప్పుకొన్నట్లే. ఆ యొప్పుకోలునకు ఆఱు పదాతిదళములు, వందలకొలది ప్రాణములు వలసివచ్చినవి. పత్రములలో పితూరీ ఠాణామీద దాడి జరిగిన దినమున మొదలగును. దానికి ముందటి సంవత్సరములు 'కారణములు' అను శీర్షికక్రింద ఒక పుటలో ముగిసిపోవును. మన పాఠ్యగ్రంథములును ఈ క్రమమునే అనుసరించుచున్నవి.

పాఠము నేర్చినట్లు కానరాదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడుసేద్యమును, కట్టెపుల్ల సేకరణమును నేరముల జాబితాలో చేర్చుటకు దారితీసినది. 1886లో గూడెమున మఱల అలజడి. 1900లో విశాఖ మన్యమున కొఱ్ఱా మల్లయ్య యనువాడు తాను పాండవులలో నొకని యవతారమనియు, తానిచ్చు వెదురుకఱ్ఱలు తుపాకులగుననియు చెప్పి జనమును కూడగట్టగా, పోలీసుకాల్పులలో 11 మంది మరణించిరి. దీనిని వెఱ్ఱినమ్మకముగా త్రోసివేయుట సులువు. తుపాకి యొక్కటే రాజ్యభాషయైన చోట, తుపాకిలేనివాడు దానిని కలగనుట అంత వింతయా?

1922 నాటి ఉద్యమమునందు ఆ కల నిజమైనది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు అల్లూరి సీతారామరాజు దళమునకు వశములయ్యెను. 26 తుపాకులు లభించినవి. దీనికి ముందటి సంగతి గూడ ఫిర్యాదులదే. నర్సీపట్నమునుండి కొండమీదికి త్రోవవేయుటకు గూడెము డిప్యూటీ తహశ్శీలుదారు బాస్టియను జనులచే చాలీచాలని కూలికి పనిచేయించెను. బట్టిపనుకుల మునసబైన గాము గంటందొర అతనితో తగవుపడి పదవి కోల్పోయెను. అర్జీలు పోయినవి, ఫలము లేదు. సీతారామరాజు వ్యక్తిత్వము మహత్తరమైనది కావుననే మన దృష్టి అంతయు దానిమీదనే నిలిచి, ఈ కూలి లెక్కలు మఱగునపడినవని నా భావము.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఆంగ్లాధికారులు హతులైన పిమ్మట పోరు తీరు మారినది. మలబారు తిరుగుబాటు కాలమున, 1921లో, ఏర్పడిన మలబారు స్పెషల్ పోలీసు దళము మన్యమునకు వచ్చినది. 1924 జనవరిలో కొండపోరున ఆరితేరిన అస్సాం రైఫిల్సు దిగినది. అయినను నిర్ణయాత్మకమైన యుద్ధము ఏదియు జరుగలేదు. దళము బ్రతుకుటకు బియ్యము, త్రోవచూపువాడు, సమాచారము కావలెను. పోలీసునకును సరిగా ఈ మూడే కావలెను. ఈ మూడును ఉన్నది గూడెమున. కావున ఒత్తిడి యంతయు గూడెముమీద పడినది. రాత్రి దళమునకు గంజి పోసినవాడు పగలు పోలీసునకు సమాధానము చెప్పుకొనవలెను. పగలు పోలీసులకు బరువు మోసినవాడు రాత్రి దళమునకు అనుమానాస్పదుడగును. ఆంగ్లప్రభుత్వపు 1861 నాటి పోలీసుచట్టమున 15వ విభాగము అలజడిగల తావున అదనపు పోలీసునుంచి, ఆ ఖర్చును అచటి జనులనుండియే రాబట్టుటకు వీలు కల్పించినది. ఆ కాలపు ఆలోచన యెట్టిదో ఈ యొక్క నియమమే తెలుపును: కావలికి కూలి, కావలియందున్నవాడే ఇచ్చుకొనవలెను. 1924 మే 7న సీతారామరాజు కాల్చివేయబడెను. జూనులో గంటందొర మరణించెను. ఆతని తమ్ముడు మల్లుదొర పట్టుబడి, శిక్షననుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యెను. పత్రములందు 'పితూరీదారు'గా పేర్కొనబడిన వర్గములోనివాడే ముప్పదియేండ్లకు శాసనకర్త.

నిజాము రాష్ట్రమున ఇదే కథ అడవిచట్టము రూపమున నడచినది. ఆసిఫాబాదు కొండలలో పోడుగ్రామములను ఖాళీచేయించుటను ఎదిరించిన కొమరం భీము 1940లో జోడేఘాటువద్ద పోలీసుకాల్పులలో మరణించెను. తరువాత నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని ఆ గోండులవద్దకు పంపినది. ఆయన నివేదికలు 1945లో గ్రంథరూపమున వెలువడినవి. మఱల అదే వరుస: తుపాకి ముందు, విచారణ వెనుక. అదే మండలమున 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై కాల్పులు జరిగినవి. ప్రభుత్వము లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘముల లెక్క దానికి ఎన్నో రెట్లు. మృతుల స్మారకస్తూపమువద్ద చాల సంవత్సరములు వర్ధంతినాడు నిషేధాజ్ఞలు అమలైనవి. మొఱపెట్టుకొనుటయే గాదు, దుఃఖించుటయు అనుమతి కోరవలసిన పని యైనది.

గూడెముమీది ఒత్తిడి తుదిరూపము గూడెమునే తొలగించుట. 1948 తరువాత తెలంగాణ సాయుధపోరాటము గోదావరి అడవులకు మరలగా, సైన్యము, పోలీసులు కోయగూడెములను ఖాళీచేయించి జనులను శిబిరములలో కూర్చిరి. అందలి బాధలను పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972 నాటి తమ గ్రంథమున వర్ణించియున్నారు. ఆయన ఆ పోరాటనాయకులు. ఒక పక్షపు సాక్షి యని గుర్తుంచుకొనియే చదువవలెను, కాని చదువక విడువరాదు.

ఏబదియైదేండ్లకు గోదావరి కావలియొడ్డున బస్తరులో ఆ పద్ధతియే మఱల కనబడినది. 2005 జూనులో ఆరంభమైన 'సల్వాజుడుం' గోండీ మాట. నిర్వాహకులు దానిని శాంతియాత్ర యనిరి. 'జుడుం' అనగా కూడి చేయు వేట కావున శుద్ధివేట యని అనువదించినవారును కలరు. గూడెములు ఖాళీయైనవి, రహదారులవెంట శిబిరములు వెలసినవి. గిరిజనయువకులే 3,000 రూపాయల నెలభత్యముతో ప్రత్యేక పోలీసు అధికారులుగ నియమింపబడిరి. అయిదవతరగతి చదువే వారికి అర్హత. రెండవవైపున ఇన్‌ఫార్మరులని అనుమానించి మావోయిస్టులు చంపిన గిరిజనులును అనేకులు. 1922 నాటి గూడెము ఇరువురి నడుమ నలిగినది. బస్తరున ఆ యిరుపక్షముల తుపాకులును గూడెపు బిడ్డల భుజములమీదనే యున్నవి. 2011 జూలై 5న సర్వోన్నతన్యాయస్థానమున జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్. ఎస్. నిజ్జర్ గారలు ఈ నియామకములు రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమని తీర్పిచ్చిరి. ఆ యేడే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము సహాయక సాయుధ పోలీసుబలమును ఏర్పఱచు శాసనము చేసి వారినే అందు చేర్చుకొన్నది. పేరు మారినది.

నాడు గోదావరి దాటి ఖమ్మము అడవులకు వచ్చినవారిని మన పత్రికలు 'గొత్తికోయలు' అనుచున్నవి. ఈ పేరు వారు పెట్టుకొన్నది కాదు. వారిని వలసవచ్చినవారుగ చూచుటచే గిరిజనులుగ గుర్తింపు పొందుటయు ఇచట దుష్కరమైనది. మన పరిశోధక విద్యార్థులు సీతారామరాజు పాటలను సేకరించినారు, మంచిదే. 1879 నాటి పత్రములందు మిగిలినవి కచేరీ మాటలు: పితూరీ, ముఠా, జప్తు. శిబిరమునకు, పోలీసునకు, దళమునకు, తాము విడిచివచ్చిన గూడెమునకు ఈ జనులు తమ నోట ఏ పేర్లు వాడుచున్నారో వ్రాసికొనుటకు మాత్రము ఇంకను వ్యవధి యున్నది. భద్రాచలము, చర్ల, చింతూరు ప్రాంతముల గూడెములు మన విశ్వవిద్యాలయములకు ఒకరాత్రి ప్రయాణము దూరముననే కలవు.