కంప్యూటర్‌ తప్పు చెబితే... ఎవరడగాలి?

సాయంత్రం కొట్టు కట్టేసే వేళ. గల్లాపెట్టెలోని సొమ్మంతా లెక్కపెట్టారు. చీటీలు సరిచూసుకున్నారు. అంతా సరిగ్గానే ఉంది. కంప్యూటర్‌ మాత్రం 'వేల పౌండ్లు తక్కువ' అంటోంది. మళ్లీ లెక్కపెట్టారు. అయినా అదే మాట. ఆ తేడా సొమ్ము ఎవరు కట్టాలి? కొట్టు నడిపే వాళ్లే! కట్టకపోతే? దొంగ అన్న ముద్ర, కోర్టు, జైలు!

ఇదేదో సినిమా కథ కాదు. ఇంగ్లండ్‌ పల్లెల్లో పోస్టాఫీసంటే చాలాచోట్ల ఓ చిన్న కిరాణా కొట్టే. ఒకవైపు పాలూ రొట్టెలూ, మరోవైపు స్టాంపులూ పింఛన్లూ. దాన్ని నడిపే సబ్‌ పోస్ట్‌మాస్టర్‌ ఊరందరికీ అయినవాడు. అక్కడి పోస్టాఫీసులన్నింటిలో 1999 నుంచి 'హొరైజన్‌' అనే కొత్త కంప్యూటర్‌ వ్యవస్థను పెడుతూ వచ్చారు. అప్పట్నుంచీ మొదలయ్యాయి లెక్కల్లో తేడాలు. 2015 వరకూ 900 మందికి పైగా సబ్‌ పోస్ట్‌మాస్టర్లూ సిబ్బందీ దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద దోషులయ్యారు. కడుపుతో ఉన్న ఓ భారత సంతతి మహిళ కూడా 2010లో జైలుకెళ్లింది. ఆస్తులు అమ్ముకున్నవారు కొందరైతే, అవమానం భరించలేక ప్రాణాలే తీసుకున్నవారు మరికొందరు.

చివరికి తేలిందేమిటి? తప్పు మనుషులది కాదు, ప్రోగ్రామ్‌ది! అలన్‌ బేట్స్‌ అనే మాజీ సబ్‌ పోస్ట్‌మాస్టర్‌ నాయకత్వంలో 555 మంది వేసిన కేసులో హైకోర్టు 2019 డిసెంబరులో ఆ మాటే చెప్పింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఒక్కరోజే 39 మందిపై శిక్షలు కొట్టేసింది. మిగిలినవారిలో వందల మందికి విముక్తి కలిగిస్తూ 2024 మేలో పార్లమెంటు ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

ఇన్నేళ్లు కోర్టులు ఎలా నమ్మాయి? దీని వెనక ఓ చిన్న చట్టం మార్పు ఉంది. 1984లో చేసిన చట్టం ప్రకారం కంప్యూటర్‌ ఇచ్చిన కాగితాన్ని సాక్ష్యంగా చూపాలంటే, ఆ యంత్రం సరిగ్గా పనిచేస్తోందని ముందు నిరూపించాలి. ఇదంతా చాదస్తమనుకుని 1999లో ఆ నిబంధనను రద్దు చేశారు. దాంతో కథ తిరగబడింది. 'కంప్యూటర్‌ చెప్పింది నిజమే' అన్నది మొదటి మాట అయింది. కాదని నిరూపించాల్సిన భారం నిందితుడి మీద పడింది. పాలప్యాకెట్లు అమ్ముకునే మనిషి కంప్యూటర్‌ లోపలి గుట్టు ఎలా బయటపెడతాడు?

ప్రోగ్రామ్‌ అన్నాక ఎక్కడో ఓ లోపం ఉంటుందని రాసేవాళ్లందరికీ తెలుసు. మరి ఆ మాట జడ్జిగారికి ఎవరు చెప్పాలి?

పత్రం మీద రాసిన మాట
డాక్టర్లకు మెడికల్‌ కౌన్సిల్‌, లాయర్లకు బార్‌ కౌన్సిల్‌ ఉన్నాయి. కంప్యూటర్‌ వాళ్లకో? బ్రిటన్‌లో అలాంటి సంఘమొకటి 1957లోనే పుట్టింది. పేరు బ్రిటిష్‌ కంప్యూటర్‌ సొసైటీ. అందరూ బీసీఎస్‌ అంటారు. తొలి అధ్యక్షుడు మారిస్‌ విల్క్స్‌. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్‌ అనే కంప్యూటర్‌కు ప్రాణంపోసిన మేధావి. 1984లో ఈ సంఘానికి రాయల్‌ చార్టర్‌ దక్కింది. కంప్యూటర్‌ విద్యనూ విజ్ఞానాన్నీ 'ప్రజల మేలు కోసం' పెంచాలన్నది ఆ పత్రంలోని షరతు. సభ్యులు పాటించాల్సిన నియమావళిలో కూడా మొట్టమొదటిది ప్రజాప్రయోజనమే. యజమాని పట్ల బాధ్యత ఆ తర్వాతి సంగతి.

అయితే ఒక తేడా ఉంది. డాక్టరు కావాలంటే లైసెన్సు తప్పనిసరి. ప్రోగ్రామ్‌ రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, సంఘంలో చేరాల్సిన పనీ లేదు. శాసించే అధికారం లేనప్పుడు జనంలోకి వెళ్లి, వాళ్ల నమ్మకం సంపాదించుకోవడమొక్కటే దారి. ఈ సంఘం ఆ పని ఎలా చేసిందో చూద్దాం.

బడిలో మొదటి అడుగు
పదిహేనేళ్ల కిందట ఇంగ్లండ్‌ బడుల్లో కంప్యూటర్‌ క్లాసంటే ఉత్తరం టైపు చేయడం, పట్టికలు వేయడం, స్లైడ్లు తయారుచేయడం... అంతే! పిల్లలకు ఆవులింతలు వచ్చేవి. 'వీళ్లకు కారు నడపడం నేర్పుతున్నాం సరే, ఇంజన్‌ సంగతో?' అని బాధపడిన కొందరు టీచర్లూ, ప్రొఫెసర్లూ, పరిశ్రమలోని నిపుణులూ కలిసి 2008లో 'కంప్యూటింగ్‌ ఎట్‌ స్కూల్‌' అనే బృందంగా ఏర్పడ్డారు. కేంబ్రిడ్జిలోని మైక్రోసాఫ్ట్‌ పరిశోధనశాలలో పనిచేసే సైమన్‌ పేటన్‌ జోన్స్‌ ముందు నిలిచారు. బీసీఎస్‌ ఆ బృందాన్ని అక్కున చేర్చుకుంది.

2012 జనవరిలో రాయల్‌ సొసైటీ కూడా ఈ చదువు తీరును తప్పుపడుతూ నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం కదిలింది. 2014 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో ఐదేళ్ల పిల్లల దగ్గర్నుంచే 'కంప్యూటింగ్‌' పాఠం మొదలైంది. మరి టీచర్లకే రాని పాఠం పిల్లలకెలా చెబుతారు? తెలిసిన టీచరు పక్క బడి టీచర్లకు నేర్పే పద్ధతి పెట్టారు. చిన్నపిల్లల టీచర్ల కోసం 'బేర్‌ఫుట్‌' పేరుతో పాఠాలు తయారుచేశారు. వాటిలో కొన్నింటికి అసలు కంప్యూటరే అక్కర్లేదు! ఒకరు సూచనలు చెబుతుంటే మిగతావాళ్లు వింత బొమ్మ గీస్తారు. చూస్తే ఒక్కొక్కరి బొమ్మ ఒక్కోలా వస్తుంది. ఎందుకని? చెప్పింది తిన్నగా లేదు కాబట్టి. ప్రోగ్రామ్‌లో పొరపాటు ఎలా దూరుతుందో ఆరేళ్ల పిల్లకు ఆటలోనే అర్థమైపోతుంది.

అన్నీ అనుకున్నట్టే జరగలేదు. పాత సబ్జెక్టు పరీక్ష రాసేవారిలో 2015లో 43 శాతం అమ్మాయిలే. కొత్త కంప్యూటర్‌ సైన్స్‌ పరీక్షకు వచ్చేసరికి 2023లో వాళ్లు 21 శాతమేనని లండన్‌లోని కింగ్స్‌ కాలేజీ పరిశోధకులు లెక్కతేల్చారు. పాఠం గట్టిపడింది కానీ ఆడపిల్లలు దూరమయ్యారు.

ముగ్గురు పిల్లల తల్లి
ఆ దూరాన్ని తగ్గించాలని చాలా ముందే తపనపడిన మహిళ ఒకరున్నారు. పేరు స్యూ బ్లాక్‌. పదహారేళ్లకే చదువు మానేశారు. పాతికేళ్లకు ముగ్గురు పిల్లలు, కాపురం చెదిరిపోయింది. అయినా రాత్రి బడిలో లెక్కలు నేర్చుకుని, కంప్యూటర్‌ సైన్స్‌లో డాక్టరేట్‌ దాకా వెళ్లారు. సదస్సుల్లో ఎటుచూసినా మగవాళ్లే కనపడటంతో 2001లో 'బీసీఎస్‌ విమెన్‌' విభాగాన్ని ప్రారంభించారు.

ఆ సంఘం పనిమీదే 2003లో బ్లెచ్‌లీ పార్క్‌కు వెళ్లారు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలను ఛేదించిన చోటది. అక్కడ పనిచేసిన ప్రతి నలుగురిలో ముగ్గురు మహిళలేనని తెలిసి ఆశ్చర్యపోయారు. వాళ్ల జ్ఞాపకాలను రికార్డు చేయించారు. 2008లో ఆ భవనాలు శిథిలమవుతున్నాయని తెలిసి ప్రొఫెసర్ల సంతకాలు సేకరించి టైమ్స్‌ పత్రికకు లేఖ రాశారు. ఆ ఉద్యమం వృథా పోలేదు. 2011లో నిధులు మంజూరయ్యాయి. ఇప్పుడు బ్లెచ్‌లీ పార్క్‌ కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లే మ్యూజియం.

దాని పక్కనే మరో విచిత్రం! యుద్ధం ముగిశాక చాలావరకు ముక్కలు చేసేసిన 'కొలోసస్‌' యంత్రాన్ని కొన్ని ఫొటోలు, మిగిలిన చిత్తుపటాల ఆధారంగా టోనీ సేల్‌ బృందం తిరిగి నిలబెట్టింది. 1989లో సైన్స్‌ మ్యూజియంతో కలిసి బీసీఎస్‌ పెట్టిన 'కంప్యూటర్‌ కన్జర్వేషన్‌ సొసైటీ' లాంటి చోట చేరిన రిటైర్డ్‌ ఇంజినీర్ల ఓపిక అది. మాంచెస్టర్‌లో 1948 నాటి 'బేబీ' కంప్యూటర్‌ నమూనాను సరిగ్గా యాభయ్యేళ్లకు, 1998లో నడిపించిందీ ఇలాంటి స్వచ్ఛంద సేవకులే.

ఆలస్యంగానైనా...
ఇప్పుడు మళ్లీ కోర్టు దగ్గరికి వద్దాం. 39 మంది నిర్దోషులని తేలిన 2021లో బీసీఎస్‌ గట్టిగా నోరువిప్పింది. 'కంప్యూటర్‌ చెప్పిందల్లా నిజమని ముందే అనుకోవడం మానండి' అన్నది దాని వాదన. ఆ వ్యవస్థ ఎలా తయారైంది, ఎలా నడుస్తోంది అన్నది కోర్టు ముందు పెట్టాలని కోరింది. 2025 జనవరిలో బ్రిటన్‌ న్యాయశాఖ ఈ నిబంధనపై అందరి అభిప్రాయాలనూ ఆహ్వానించింది.

ఈ మాట పదేళ్ల ముందే వినిపించి ఉంటే? 2009లోనే 'కంప్యూటర్‌ వీక్లీ' పత్రిక బాధితుల గోడును అచ్చువేసింది. తెలిసినవాళ్లు గొంతెత్తడంలో ఆలస్యమైతే, ఆ మూల్యం తెలియనివాళ్లు చెల్లిస్తారు. బడిలో పాఠం, మ్యూజియంలో యంత్రం ఎంత ముఖ్యమో, కష్టంలో ఉన్నవాడి పక్కన నిలబడి 'ఇది యంత్రం పొరపాటు కావచ్చు' అనే మాట అంతకన్నా ముఖ్యం.

మన దేశంలోనూ 1965లోనే కంప్యూటర్‌ సొసైటీ ఆఫ్‌ ఇండియా ఏర్పడింది. మన దేశపు తొలి కంప్యూటర్లలో ఒకటైన టిఫ్రాక్‌ను రూపొందించిన ఆర్‌. నరసింహన్‌ దాని తొలి అధ్యక్షుడు. హైదరాబాద్‌లోనూ దాని శాఖ ఉంది. ఇక ఇంటికో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగి ఉన్న వీధులు మన ఊళ్లలో ఎన్నో!

అందుకే ఈ కథ మనకూ సంబంధించిందే. రేషన్‌ డిపోలో వేలిముద్ర పడక ముసలమ్మ ఉత్త సంచీతో వెనుదిరిగినప్పుడు, బ్యాంకులో 'కంప్యూటర్లో అలాగే చూపిస్తోందండీ' అని గుమస్తా చేతులెత్తేసినప్పుడు, పక్కనే ఉన్న ఆ ఇంటి కుర్రాడు ఒక్కమాట అనగలడు. 'ఒకసారి సరిచూడండి. అదీ తప్పు చెప్పొచ్చు' అని. దానికి పెద్ద సంఘమే అక్కర్లేదు. ఆ పని తెలిసిన మనిషి ఒక్కడుంటే చాలు!