హెలికాప్టరును ఎక్కడ విడదీయాలి?

పిల్లలూ, "రామాలయం" అంటే రామ, ఆలయం అని సంధి విడదీస్తారు గదా! పొడుగాటి ఇంగ్లీషు మాటలు కొన్ని అలాగే విడిపోతాయి. నా తరగతిలో ఒక కుర్రవాడు "హిప్పోపొటమస్" చదవలేకపోతే అందరూ నవ్వారు. మర్నాడు వాడు బడికే రాలేదు. పిలిపించి, గ్రీకు భాషలో హిప్పోస్ అంటే గుర్రం, పొటమోస్ అంటే నది అని చెప్పాను. "అయితే మన నీటిగుర్రమే, మాస్టారూ!" అని గంతేశాడు.

హెలికాప్టరు మాత్రం తుంటరి మాట. నోటికి హె-లి-కాప్-టర్, అర్థానికి హెలికో-ప్టర్! మొదటిది మెలిక, రెండోది రెక్క. 1861లో ఫ్రాన్సులో ఈ పేరు పుట్టేనాటికి మనిషిని మోసే హెలికాప్టరే లేదు!

ఆ రెక్కే టెరోడాక్టిల్ అనే పూర్వకాలపు ఎగిరే జంతువు పేరులోనూ ఉంది. అక్కడ ముందున్న "ప్"ను ఇంగ్లీషువారు రాస్తారు గాని పలకరు. డాక్టిలోస్ అంటే వేలు. దాని రెక్కను మోసేది ఏమిటనుకున్నారు? పొడుగ్గా సాగిన నాలుగో వేలే!