మాట తెలియకపోతే రాక్షసుడేనా?

2015లో మా మోమిన్‌పేట్ నుంచి వికారాబాద్ వెళ్ళి ‘బాహుబలి’ చూశాను. కాలకేయ రాజుగా ప్రభాకర్ నోరు విప్పగానే హాల్లో చప్పుడు లేదు! అది నోటికొచ్చిన గోల కాదండోయ్. తమిళ కవి మదన్ కార్కీ సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో కట్టిన ‘కిలికి’ భాష. మధ్యమధ్య నాలుకతో టక్కుమనే చప్పుళ్ళు వేరే!

గ్రహాంతరవాసుల చిత్రాలు తీసేవాళ్ళకీ ఇదే తంటా. ‘స్టార్ వార్స్’ (1977)లో చ్యూబాకా గుర్రుమంటాడు. తెర కింద అక్షరాలేం పడవు. హాన్ సోలో ఇచ్చే జవాబును బట్టి వాడేమన్నాడో మనమే పట్టేస్తాం. ఈ కిటుకంటే నాకు మహా ఇష్టం. హిందీ ‘పీకే’ (2014)లోనైతే ఆమిర్ ఖాన్ చెయ్యి పట్టుకునే భోజ్‌పురి నేర్చేసుకుంటాడు!

ఇక కిలికి సంగతి. అంత వ్యాకరణముండీ తెరమీద అది క్రూరుల భాషే అయింది. ఆ బాధ మాకు కొత్తా? మా తెలంగాణ యాసను సినిమావాళ్ళు ఏళ్ళ తరబడి రౌడీకో, నవ్వించేవాడికో అంటగట్టారు. అందుకే 2017లో ‘ఫిదా’లో సాయిపల్లవి ఆ యాసలోనే హీరోని దులిపేస్తుంటే, నా పక్క సీటు కుర్రాడు ఎగిరి గంతేశాడు: “మనూరి పిల్లరా బై!”