చంద్రుని చెంతనున్న ఆ వెలుగు

చంద్రుని ప్రక్కన నిలకడగా వెలుగుచున్న ఆ చుక్క యేదని మాకు జాబులు వచ్చుట క్రొత్త గాదు. ప్రతి మాసమునను చంద్రుడు గ్రహములన్నింటి దాపునను ఒక్కొక్కమారు నడచిపోవును గనుక ఈ ప్రశ్నకు కాలదోషము పట్టదు. దానిని కొందరు తోకచుక్క యందురు, కొందరు శకున మందురు. కృత్రిమోపగ్రహ మనువారు ఈ కాలమున హెచ్చినారు. ఇంట పంచాంగ మొకటి యున్నచో ఈ సందేహము తీర్చుకొనుటకు దూరదర్శినితో పని లేదు.

మొదట కదలిక చూడవలెను. విమానదీపమైనను ఉపగ్రహమైనను కొద్ది నిముషములలో ఆకాశమును దాటిపోవును. పావుగంట చూచినను చంద్రుని విడువక నిలిచినది తారయో గ్రహమో కావలెను. తార మిణుకుమిణుకుమనును, గ్రహము, అందునను ఆకాశమున ఎత్తుగా నున్నప్పుడు, నిలకడగా వెలుగును. దిక్చక్రమునకు దాపున, డెల్టా ప్రాంతపు తేమగాలిలో, గ్రహమైనను కొంత వణకును. కనుక ఈ ఒక్క గుర్తునే నమ్ముకొనరాదు.

నమ్మదగిన గుర్తు పంచాంగములో నున్నది. తిథి యనగా నేమి? సూర్యచంద్రుల నడుమ ఎడము 12 డిగ్రీలు పెరిగినపుడెల్ల ఒక తిథి గడచును. ముప్పది తిథులకు 360 డిగ్రీలు చెల్లును. ఇది వ్రతములకును తద్దినములకును మాత్రమే అక్కరకు వచ్చు లెక్క యని పలువురి తలంపు. నిజమునకు ఇది ఆకాశమున కొలత వేసి చూపు బద్ద. తదియ ముగిసినదన్న, చంద్రుడు సూర్యునికి 36 డిగ్రీల దూరమున నున్నాడని యర్థము.

శుక్రుడు ఎన్నడును సూర్యుని విడిచి 47 డిగ్రీలకు మించి పోజాలడు. అతని త్రోవ మన భూమి త్రోవకు లోపల నున్నది. గానుగ చుట్టు తిరుగు ఎద్దును దూరమున నిలిచి చూచినచో అది రోటికి ఈవలనో ఆవలనో కొంతమేర లోపలనే కనబడును గాని, మన వెనుకకు రాదుగదా! శుక్రుని సంగతియు నంతే. కావున చంద్రుని ప్రక్క శుక్రుడు సాయంకాలము కనబడవలెనన్న అది శుద్ధ విదియ మొదలు పంచమి లోపుననే జరుగవలెను. తెల్లవారుజామున నైనచో బహుళ ఏకాదశికి తరువాతనే. అష్టమి చంద్రుని ప్రక్కనో పున్నమి చంద్రుని ప్రక్కనో ఎంత దేదీప్యమానమగు చుక్క కనబడినను అది శుక్రుడు కాదు, వేగుచుక్క కాదు. ఆ స్థానమునకు అధికారము గురునకును శనికిని కుజునకును కలదు. ఎఱ్ఱన కుజునిది, మసకబారిన పసుపు శనిది, తెల్లని నిండు వెలుగు గురునిది. బుధుడు సూర్యునికి 28 డిగ్రీల లోపుననే మెలగువాడగుటచే, సంధ్యారాగములో లేత నెలవంక ప్రక్కన ఏ పుణ్యదినముననో తప్ప చిక్కడు.

తారలలో చంద్రుని త్రోవకు ప్రక్కన నున్న ప్రకాశవంతములు నాలుగే: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. ఆనాటి నక్షత్రమేదో పంచాంగము చెప్పనే చెప్పును. అయితే పంచాంగపు నక్షత్రము 13 డిగ్రీల 20 కలల భాగము గనుక, చంద్రుడు ఆ తారకు కొంత ముందో వెనుకో యుండవచ్చును.

వెలుగు హెచ్చుతగ్గులకును ఒక కొలత కలదు. అయిదు మెట్లు దిగినచో వెలుగు నూరవ వంతగునట్లు తారల తరగతులను స్థిరపరచినవాడు నార్మన్ పాగ్సన్, అది 1856లో. ఆయన తరువాత చెన్నపట్టణపు వేధశాలకు అధిపతియై వచ్చి, 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును మన మచిలీపట్టణమున నిలిచి పరిశీలించినాడు. ఈ సంగతి తెలుగువారిలో పెక్కుమంది యెఱుగరు. ఆ కొలత ప్రకారము శుక్రుడు గురునికంటె రెండు మెట్లు పైన, అనగా ఇంచుమించు ఆరురెట్లు ప్రకాశవంతుడు. ఒక్కొక్కప్పుడు అంతకు మించును.

ఈ లెక్కను ఒక ఉదాహరణమున సరిచూతము. 2023 మార్చి 24, శోభకృత్ సంవత్సర చైత్ర శుద్ధ తదియ. ఆ సాయంకాలము నెలవంక క్రింద వ్రేలాడు దీపమువలె ఒక చుక్క వెలిగెను. ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల చంద్రుడు దానిని కొంతసేపు కప్పివైచెను. మన దేశమున ఊరూర జనులు మేడలెక్కి సెల్‌ఫోనులతో చిత్రములు తీసిరి. తదియ ముగిసి చవితి ప్రవేశించిన వేళ అది. ఎడము 36 డిగ్రీల ప్రాంతము. శుక్రుని హద్దులోపలనే యున్నది. ఆ వెలుగునకు వేరొక గ్రహము సాటి రాదు. కనుక శుక్రుడే. మరునాడు చంద్రుడు చాల పైకి పోయి పిల్లలకోడి దాపునకు చేరెను. చుక్క చంద్రుని విడిచి దిగిపోయినదని పిల్ల లనుకొందురు, విడిచిపోయినవాడు చంద్రుడే. అతడు గంటకు తన బింబమంత మేర తూర్పునకు జరుగును.

శుక్రుని మీద కన్ను వేసియుండుట మన యిండ్లలో వేడుక మాత్రమే కాదు. శుక్రుడు సూర్యుని కాంతిలో మునిగి కనబడకుండు కాలమే మూఢము. అప్పుడు పెండ్లిండ్లు ఆగును; సన్నాయివారికిని వంటవారికిని పందిళ్ళు వేయువారికిని పని యుండదు. శుక్రుడు సూర్యునికి ఆవలివైపు పోయినప్పుడు మూఢము రెండు నెలలకు మించును. ఈవలివైపు, మనకును సూర్యునకును నడుమగా వచ్చినప్పుడు వారము పదిదినములలో ముగియును. చీకటిలో పోయినది శాస్త్రము కాదు, శుక్రుడే. మూఢము విడిచిన కొలదిదినములకు అతడు రెండవ దిక్కున పొడచూపుట ఎవరికి వారు కన్నులార చూడవచ్చును.

ఇక గురుని మాట. గోదావరి ఒడ్డువారికి గురుడు పరాయివాడు కాడు. అతడు సింహరాశి ప్రవేశించిననాడే గోదావరికి పుష్కరము. 2015 జులై 14న అట్లు ప్రవేశించెను. ఆ మాసారంభమున శుక్రుడును గురుడును పడమటి దిక్కున చంద్రబింబమంత ఎడమైనను లేకుండ చేరువైయుండిరి. పుష్కరములలో నైదవనాడు, జులై 18 సాయంకాలము, నెలవంక వారిద్దరి దాపునకు వచ్చెను. రాజమహేంద్రవరపు గట్టుమీద నిలిచినవారికి పడమర యనగా నదిమీదుగా కొవ్వూరు దిక్కు. ఆషాఢపు మబ్బు అడ్డురానిచోట చంద్రుడు, శుక్రుడు, గురుడు, మఖ తార, నలుగురును ఒక్క చూపులో నిమిడిరి. శుక్రుడు గురునికంటె పదిరెట్లకు పైగా ప్రకాశించుటచే, ఆ వేళ పుష్కరాధిపతియే చిన్నవాడుగా కనబడినాడు!

కాని ఆ పుష్కరముల తొలినాటి ఉదయమున జరిగినదానిని మరచి ఈ విషయము చెప్పలేము. తొలి ఘడియలోనే మునుగవలెనని పలువురు రేవునకు త్రోసికొని రాగా, తొక్కిసలాటలో ఇరువదియైదుగురికి పైగా ప్రాణములు కోల్పోయిరి. గురుని నడక ఎట్టిదో చూడుడు. ఆ దినములలో అతడు ఒక దినమునకు జరిగిన దూరము చంద్రబింబపు వెడల్పులో సగమైనను లేదు. గంటకు అందులో అరువదవ వంతు. అంతటి సూక్ష్మభేదమును మానవుని కన్ను పోల్చుకొనలేదు. రాశికి గట్టు లేదు, రేవు లేదు. అది లెక్కకై గీచిన గీత. ఆ గీత ఎచ్చట గీయవలెనను విషయమున పంచాంగకర్తలలోనే భేదములు కలవు. గురుడు ఆ రాశిలో ఇంచుమించు సంవత్సరము నిలుచును. ఆది పుష్కరమునకు పెద్దలు పండ్రెండు దినము లిచ్చిరి. ఆకాశమున లేని తొందర రేవున ఏల రావలెనో మాకు బోధపడదు.

గోదావరికి మరల పుష్కరములు 2027లో వచ్చును. గురుడు అప్పుడును సాయంకాలము పడమటనే యుండును, మఖ తారకు క్రిందుగా, చేయి చాచి మూడు వ్రేళ్ళు కలిపి పట్టినంత దూరమున. జూన్ మాసాంతమున మొదలిడి వారమున కొకమారు ఆ ఎడమును వ్రేళ్ళతో కొలిచిచూచినచో గురుని మెల్లని నడక ఎవరికైనను తెలియును. జులై మొదటివారము చివర చవితి చంద్రుడు ఆ చుక్క దాపునకు వచ్చును. చవితి గనుక లెక్కకు శుక్రుడైనను కావచ్చునని శ్రోతలకు అనుమానము రావచ్చును. ఆ దినములలో శుక్రుడు తెల్లవారుజామున, సూర్యునికి మిక్కిలి చేరువగా, తూర్పున నుండును. సాయంకాలము కొవ్వూరు వైపున చంద్రుని చెంత వెలుగువాడు గురుడే.